ఇరవయ్యా, అరవయ్యా? మంగళవారం నెట్ జ్ఞాపకాలు

మా హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే రేడియో) క్లబ్బు రిపీటర్‌కి, అంటే మా మాట విని దూరానికి అందించే పెట్టెకి, ఒక తోక ఉండేది. మనం మాట్లాడి బటన్ వదిలాక కూడా అది వెంటనే ఆగేది కాదు. క్షణం నిశ్శబ్దం, సన్నగా ఒక 'పిప్', ఇంకో రెండు సెకన్లు మాటల్లేని ఉత్త క్యారియర్ తరంగం, చివర్న 'ఖస్స్' మంటూ తెగేది. ఇంగ్లీషులో టెయిల్ అంటారు కాబట్టి మేం తోక అనేసేవాళ్ళం. "తోక తొక్కకండి బాబూ" అని నెట్ కంట్రోల్ మాస్టారు, అంటే మేం వారంవారం రేడియోలో కలుసుకునే 'నెట్'ని నడిపే ఆయన, ప్రతి మంగళవారం రాత్రీ కనీసం మూడుసార్లు అనేవారు. అవతలి మనిషి ఆపీ ఆపగానే మీద పడి మాట్లాడొద్దని ఆయన బాధ. ఆ 'పిప్' వచ్చేదాకా ఆగితే, మధ్యలో ఎవరికైనా అవసరం పడి 'బ్రేక్' అనడానికి సందు దొరుకుతుంది. ఆ సందులోంచి ఎవరైనా నిజంగా దూరి రావడం నేను ఆరేళ్ళ పాటు ఒక్కసారీ వినలేదు. అందుకని అదంతా పెద్దాయన చాదస్తం అనుకునేవాణ్ణి.

లైసెన్సు రాకముందు ఏడాదిన్నర పాటు నేను వట్టి శ్రోతని. నా దగ్గర ఉన్నదల్లా ఒక పాత రిసీవరు, దాని వెనక కొలిచి కోసిన అర మీటరు రాగి తీగ. రెండు మీటర్ల బ్యాండ్‌కి పావు తరంగం అంటే అంతే పొడవు. మంగళవారం రాత్రి తొమ్మిదింటికి పరీక్ష ఉన్నా, జ్వరమొచ్చినా ఆ రిసీవరు ముందే ఉండేవాణ్ణి. ఎవరూ మాట్లాడనప్పుడు రిపీటర్ పదేసి నిమిషాలకి ఒకసారి తన కాల్‌సైన్, అంటే గాలిలో తన గుర్తింపు పేరు, తానే మోర్స్‌లో చెప్పుకునేది. నాకు మోర్స్ మొదట వచ్చింది అలాగే. పుస్తకం చూసి చుక్కలూ గీతలూ బట్టీ పట్టలేదు. ఒకే పేరు వందలసార్లు విని, అందులోని అక్షరాలు పట్టుకున్నాను.

రిపీటర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. చేతిలో పట్టుకునే 5 వాట్ల హ్యాండీ నేల మీద ఉంటే ఎంతో దూరం పోదు. ఈ బ్యాండ్‌లోని వీహెచ్ఎఫ్ తరంగాలు ఇంచుమించు వెలుతురులాగే తిన్నగా పోతాయి, గుట్టో మేడో అడ్డొస్తే నీరసపడతాయి. అందుకని ఎత్తయిన చోట ఒక పెట్టె పెడతారు. అది మన మాట ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా పలుకుతుంది. మా దానికి ఆ రెండింటికీ మధ్య తేడా 600 కిలోహెర్ట్జ్. పైగా రెండు పనులకీ ఒకటే యాంటెన్నా! ఒక పక్క అరుస్తూనే, ఎక్కడో మూలనుంచి వచ్చే గుసగుస వినాలన్నమాట. తన అరుపు తన చెవిలోనే పడకుండా ఆపేది డూప్లెక్సర్. చూడ్డానికి నిలువుగా నిలబెట్టిన ఆరు లోహపు డబ్బాలు, ఒక్కొక్కదాని నెత్తిన ఒక మర. ఆ మర పావు చుట్టు తిప్పితే చాలు, రిపీటర్‌కి చెవుడొచ్చేది. డబ్బాలకి ట్యూనింగ్ చేస్తున్నప్పుడు గదిలో ఎవరైనా గట్టిగా నడిచినా మాస్టారు కసురుకునేవారు.

ఇక నెట్. బయటివాళ్ళు వింటే ఇంతకన్నా విసుగు పుట్టించే కార్యక్రమం లేదనుకుంటారు. ఒకాయన హాజరు పిలుస్తాడు, మిగతావాళ్ళు కాల్‌సైన్ చెప్తారు, సిగ్నల్ ఎలా ఉందో చెప్పుకుంటారు, అంతే. కానీ పిలిచే వరసలో ఒక పద్ధతి ఉండేది. ముందు "అత్యవసర సందేశం ఎవరి దగ్గరైనా ఉందా?" అని అడిగి, మాస్టారు పది సెకన్లు ఆగేవారు. ప్రతి వారం ఎవరూ పలికేవారు కాదు, అయినా ప్రతి వారం ఆగేవారు. తర్వాత బండిలో వెళ్తున్నవాళ్ళు, బ్యాటరీ మీద హ్యాండీతో ఉన్నవాళ్ళు. ఇంట్లో కూర్చుని మేడ మీద పెద్ద యాంటెన్నా, బల్ల మీద పెద్ద రిగ్ (రేడియో సెట్టు) పెట్టుకున్న బాబులు అందరికన్నా ఆఖర్న.

ఎందుకో ఆయనే ఒకసారి చెప్పారు. ఎఫ్ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి గొంతులూ కలిసి వినపడవు. బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని మింగేస్తుంది, అసలు రెండో మనిషి ఉన్నాడన్న సంగతే తెలియకుండా. దీన్ని క్యాప్చర్ ఎఫెక్ట్ అంటారు. "గట్టివాళ్ళు నోరు మూసుకుంటే తప్ప నీరసంగా ఉన్నవాడు ఉన్నాడని కూడా మనకు తెలీదు" అన్నారాయన. ఫిజిక్సే చెప్పారు గానీ, ఆ మాట మటుకు మా క్లబ్బు మీటింగుల్లో ఇంకో అర్థంతో కూడా తరచూ వినపడేది.

నెట్‌లో నా మొదటి హాజరు, అదే చెకిన్, తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. లైసెన్సు వచ్చిన వారం. కాగితం మీద కాల్‌సైన్ పెద్ద అక్షరాలతో రాసుకున్నాను, నా కాల్‌సైన్ నేనే మర్చిపోతానేమోనని టెన్షన్. బటన్ నొక్కాను, చెప్పాను, ఆ కంగారులో వదలడం మర్చిపోయాను. నేను మా తమ్ముడితో "బాగా చెప్పానా? గొంతు వణికిందా?" అనడం, వాడు "మేకలా ఉంది" అనడం, మొత్తం నెట్ వింది. మూడు నిమిషాలకి రిపీటర్ టైమర్ నన్ను కత్తిరించేసింది. తర్వాత మాస్టారి గొంతు, ఎప్పటిలాగే నిదానంగా: "కొత్త స్టేషన్‌కి స్వాగతం. సిగ్నల్ ఫైవ్ అండ్ నైన్. మేక అన్న అబ్బాయిని కూడా పరీక్షకి కట్టమనండి."

హ్యామ్‌ల భాషలో మగవాళ్ళందరూ ఓఎం, అంటే ఓల్డ్ మ్యాన్. పదిహేనేళ్ళ కుర్రాడైనా ఓఎమ్మే. ఆడవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా వైఎల్, యంగ్ లేడీ. ఈ న్యాయం ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. అరవై దాటిన మనిషిని ఉత్త ఓఎం అనడానికి నాకు నోరు రాక "ఓఎం గారూ" అనేవాణ్ణి. కొన్నాళ్ళకి అందరూ అదే అందుకున్నారు. మాస్టారు సైలెంట్ కీ అయి చాలా ఏళ్ళయింది. చనిపోయిన హ్యామ్‌ని అలా అంటారు, మోర్స్ కీ మూగబోయిందని. ఆయన కాల్‌సైన్ వెనక 'ఓఎం గారు' లేకుండా పలకడం ఇప్పటికీ నాకు చేతకాదు.

నెల చివరి మంగళవారం మాత్రం హాజరుతో సరిపోయేది కాదు. ఆ రోజు సందేశాల అభ్యాసం. ఒకరు సందేశం చదువుతారు, రెండోవారు రాసుకుని మూడోవారికి అందిస్తారు. దాని నంబరు, అత్యవసరమా మామూలుదా, ఎక్కడ పుట్టింది, ఎన్ని మాటలు, ఎన్ని గంటలకి, అన్నీ వరసగా. మాటల లెక్క తేలకపోతే మళ్ళీ మొదటికి. ఈ అందించడమన్నది మా కొత్త కాదు. 1914లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఉండే హైరమ్ పెర్సీ మాక్సిమ్ దాదాపు 30 మైళ్ళ దూరంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌ని రేడియోలో అందుకోలేక, మధ్యలో ఉన్న ఇంకో హ్యామ్ చేత సందేశం పంపించాడు. ఆ ఆలోచనే అమెరికన్ రేడియో రిలే లీగ్ అయింది. పేరులోనే 'రిలే' ఉంది. మాస్టారు ఈ కథ ఏడాదికి రెండుసార్లు చెప్పేవారు. మూడోసారి మొదలుపెడితే ఎవరో ఒకరు తోక తొక్కేవాళ్ళు, కావాలనే.

అలాంటి ఒక అభ్యాసంలో నాకు "పడకలు ఇరవై కావాలి" అని వచ్చింది. నేను 60 అని రాసుకున్నాను, 60 అనే అందించాను. చివరి మనిషి 60 అనే చదివాడు. మాటల లెక్క అణా పైసలతో సహా సరిపోయింది, సందేశం మాత్రం తప్పు. గరగర మధ్య ఇరవై అన్నా అరవై అన్నా ఒకేలా ఉంటుంది కదా, మొదటి అక్షరం తెగిపోతే మిగిలేది 'రవై'. ఇంగ్లీషులో థర్టీన్, థర్టీ దగ్గర కూడా ఇదే గొడవ. మాస్టారు తిట్టలేదు. "అంకెలు విడివిడిగా. రెండు, సున్న. రాసుకున్నవాడు తిరిగి చదవాలి, చెప్పినవాడు ఔనాలి" అని మాత్రం అన్నారు. అన్నాక ఆ నెల్లాళ్ళూ నన్నెవరు పలకరించినా "ఏం ఓఎం గారూ, ఇరవయ్యా అరవయ్యా?" అనే.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నెట్‌లో అందరి నోటా ఒకటే మాట. అంతకు కొన్ని వారాల ముందే హ్యామ్ భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో గాలిలోకి వచ్చింది. అండమాన్ దీవుల నుంచి హ్యామ్ సిగ్నల్ అంటే ప్రపంచమంతా ఎగబడే సంగతి. వెళ్ళింది ఆ సరదా కోసమే. సునామీ తర్వాత అదే యాంటెన్నాతో, అదే రిగ్‌తో వాళ్ళు దీవుల నుంచి క్షేమ సమాచారాలు పంపారు. మా వాళ్ళలో చాలామందికి హ్యామ్ అంటే, మాట్లాడుకున్నందుకు గుర్తుగా పంపుకునే క్యూఎస్ఎల్ కార్డులు పోగేసుకునే కాలక్షేపం. ఆ వారం నెట్‌లో మొదటిసారి అత్యవసర సందేశాల పది సెకన్లు ఎవరూ దగ్గకుండా గడిచాయి.

ఆ తర్వాత కొన్ని నెలలకి ఒక సహాయ విభాగం నుంచి క్లబ్బుకి కబురొచ్చింది. వాళ్ళకి మాకన్నా ఎత్తులో టవర్ ఉంది, గది ఉంది, బ్యాటరీలు, జనరేటర్ ఉన్నాయి. మా రిపీటర్ అక్కడికి తెచ్చుకోవచ్చు. బదులుగా, ఆపద వేళ రిపీటర్ వాళ్ళ పనికి ముందు ఇవ్వాలి, వాళ్ళ కంట్రోల్ రూమ్‌లో మా రిగ్ ఒకటి పెట్టి మా మనిషిని కూర్చోబెట్టాలి. వాళ్ళకి సొంత రేడియోలు లేక కాదు. ఒక విభాగం సెట్లు ఇంకో విభాగం సెట్లతో మాట్లాడవు, ఎవరి ఫ్రీక్వెన్సీలు వాళ్ళవి. మా హ్యాండీ పట్టుకున్న మనిషి ఎవరి పక్కనైనా నిలబడగలడు.

క్లబ్బులో పెద్ద రచ్చే అయింది. చెమటోడ్చి కట్టుకున్నదాన్ని అప్పజెప్పడమేమిటని సగం మంది. ఊరికే వచ్చే ఎత్తు వదులుకుంటామా అని మిగతా సగం. అసలు పేచీ వేరే చోట వచ్చింది. అవతలి అధికారి ఒకరు, మామూలు రోజుల్లో కూడా తమ సిబ్బంది మా రిపీటర్ మీద రోజువారీ పనులు మాట్లాడుకుంటారన్నారు. మాస్టారు కుదరదన్నారు. అమెచ్యూర్ బ్యాండ్‌లో, అంటే హ్యామ్‌లకి కేటాయించిన ఫ్రీక్వెన్సీల్లో, బటన్ నొక్కేవాడికి లైసెన్సు ఉండాలి, జీతం పని అక్కడ చేయకూడదు, రహస్య కోడ్ పనికిరాదు. "సందేశం మీది, గొంతు మాది. అది కాక మీ గొంతే కావాలంటే రండి, పరీక్షకి నేనే చదువు చెప్తాను" అన్నారు. అది ఎత్తిపొడుపు అనుకున్నాం. ఆరునెలల్లో వాళ్ళ వైర్‌లెస్ ఆపరేటర్లు నలుగురు నిజంగానే లైసెన్సు తీసుకుని మంగళవారం నెట్‌లో చేరారు. వాళ్ళ చెకిన్‌లు మూడు సెకన్లు మించేవి కావు. మా కబుర్ల రాయుళ్ళకి అది చూసి కాస్త సిగ్గేసింది, ఒక రెండు వారాల పాటు.

కొత్త టవర్‌కి మారిన నెలలోనే కొత్త రోగం పట్టుకుంది. ఎవరూ నొక్కకుండానే రిపీటర్ తెరుచుకుని బర్రుమని గోల చేసేది. టవర్ మీద వాళ్ళవి రెండు ట్రాన్స్‌మిటర్లు. రెండూ ఒకేసారి పనిచేసినప్పుడే ఈ గోల వస్తోందని లాగ్ చూసి పట్టుకున్నాం. ఇంకేం, తప్పు వాళ్ళదేనని ఘాటుగా ఒక ఉత్తరం రాశాం. ఈలోగా తాత్కాలికంగా టోన్ పెట్టాం. మన గొంతుతో పాటు చెవికి పట్టనంత సన్నని ఒక స్వరం వెళ్ళాలి, అది ఉంటేనే రిపీటర్ తలుపు తీస్తుంది. 67.0 హెర్ట్జ్ నుంచి 254.1 దాకా ఉండే సీటీసీఎస్ఎస్ టోన్లలో ఒకటి ఎంచుకున్నాం. మాస్టారికి నచ్చలేదు. "ముక్కు మూసుకుంటే కంపు పోతుందా?" అన్నారు. పైగా, సొంతంగా చేసుకున్న పాత సెట్లలో టోన్ ఉండదు. ఆ ముసలి ఓఎంలందరూ రాత్రికి రాత్రి తలుపు బయటే ఉండిపోయారు. ఆయనే కూర్చుని ఒక్కొక్కరికీ చిన్న టోన్ బోర్డు సోల్డర్ చేసి ఇచ్చారు. నేను పక్కన కూర్చుని తీగల కొసలు చెక్కాను.

మూడు ఆదివారాలు టవర్ మీద వెతికితే దొరికింది రోగం. తుప్పు పట్టిన ఒక క్లాంపు. రెండు లోహాల మధ్య తుప్పు డయోడ్‌లా పనిచేస్తుంది. దగ్గర్లో ఉన్న రెండు సిగ్నళ్ళనీ కలిపి మూడోదాన్ని పుట్టిస్తుంది, అది సరిగ్గా మా ఇన్‌పుట్ మీద, అంటే రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీ మీద, పడుతోంది. సరే, క్లాంపు ఎవరిది? మాదే. పాత టవర్ నుంచి పొదుపుగా ఊడదీసి తెచ్చుకున్నది. తేలు కుట్టిన దొంగల్లా కిందికి దిగాం. ఆ ఉత్తరానికి జవాబు రాకముందే ఇంకో ఉత్తరం రాయాల్సి వచ్చింది, ఈసారి చాలా మర్యాదగా.

తుఫాను వచ్చింది ఆ మరుసటి ఏడాది. సాయంత్రానికి కరెంటు పోయింది. సెల్ టవర్లు తమ బ్యాటరీలు ఉన్నన్నాళ్ళు నడిచి, అర్ధరాత్రికి ఒక్కొక్కటే కొండెక్కాయి. రిపీటర్ టోన్ తీసేశారు, పాత సెట్టైనా సరే ఎవరైనా లోపలికి రావచ్చని. డైరెక్టెడ్ నెట్ ప్రకటించారు. అంటే కంట్రోల్ పిలిస్తే తప్ప ఎవరూ నొక్కకూడదు. గట్టిగా ఉన్న కుర్రాళ్ళని సహాయ శిబిరాలకి పంపారు. నేను అప్పుడు కాలు బెణికి కట్టుతో ఉన్నాను. నా డ్యూటీ ఏమిటని అడిగితే "ఇంట్లో కూర్చుని విను" అన్నారు. చాలా చిన్నతనంగా అనిపించింది. రిగ్‌ని కారు బ్యాటరీకి తగిలించుకుని, కొవ్వొత్తి వెలుతుర్లో రిజిస్టర్ తెరిచి కూర్చున్నాను.

తెల్లవారుజామున మూడు దాటుంటుంది. కంట్రోల్ రూమ్ ఏదో చెప్పి ఆపింది. 'పిప్' అంది. ఆ తోకలో, తెగబోయే ముందు, ఒక్క ముక్క. మాట కూడా కాదు, మాట తాలూకు గరగర. మాస్టారు వెంటనే "బ్రేక్ అన్న స్టేషన్, మళ్ళీ చెప్పండి" అన్నారు. మళ్ళీ గరగరే. రిపీటర్‌కి అందనంత నీరసంగా ఉంది. నాకు చెయ్యి దానంతటదే రివర్స్ బటన్ మీదికి పోయింది. అది నొక్కితే రిపీటర్ పలికేది కాకుండా, రిపీటర్ వినేది మనం నేరుగా వింటాం. ఆ మనిషి నాకు దగ్గర్లో ఉంటే రిపీటర్‌కన్నా నాకే బాగా వినపడాలి. వినపడింది. మా ఇంటికి అటువైపు శిబిరంలో ఉన్న మా వాడే, హ్యాండీ బ్యాటరీ అడుగంటిపోతోంది. అప్పటికి ఇంగ్లీషు ఎవరికీ గుర్తు లేదు, అంతా తెలుగే.

"రిలే ఉంది" అన్నాను కంట్రోల్‌తో. "మీరు తీసుకోండి, అందరూ ఆగండి" అన్నారు మాస్టారు. శిబిరంలోకి నీళ్ళొస్తున్నాయి, నడవలేనివాళ్ళున్నారు, మోసుకెళ్ళడానికి మనుషులు, బళ్ళు కావాలి. ఎంతమంది? నేను 20 అని రాసుకున్నాను. తిరిగి చదివాను, "రెండు, సున్న". అవతల ఒక క్షణం ఏమీ లేదు. బ్యాటరీ అయిపోయిందనుకున్నాను. తర్వాత విసుగ్గా, ఏడుపు గొంతుతో వచ్చింది: "కాదు ఓఎం గారూ. ఆరు. ఆరు, సున్న."

20 కొట్టేసి పక్కన 60 రాశాను. కంట్రోల్‌కి చెప్పాను, వాళ్ళు తిరిగి చదివారు, ఔనన్నాను. కంట్రోల్ రూమ్ గోడ గడియారం ప్రకారం ఆ సందేశం మొత్తానికి నాలుగు నిమిషాలు పట్టిందట. అక్కడ కూర్చున్న అధికారి ఆ నాలుగు నిమిషాలూ "ఎంతసేపయ్యా" అని గొణుగుతూనే ఉన్నారని తర్వాత తెలిసింది. నేను ఆ రాత్రి అందించిన సందేశం అదొక్కటే. ఎన్ని బళ్ళు వెళ్ళాయో, ఎవరెవరిని ఎలా మోశారో నాకు తెలీదు. ఆ వాడిని కలిసినప్పుడు కూడా ఇద్దరం దాని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు, ఇరవయ్యా అరవయ్యా అని నవ్వుకోవడం తప్ప. అదీ మునుపటంత గట్టిగా నవ్వు రాలేదు.

మూడో రోజు సాయంత్రం విభాగం వాళ్ళ సొంత వ్యవస్థ లేచింది. మాస్టారు గొంతు బొంగురుపోయింది. "నెట్ ముగిస్తున్నాం. రిపీటర్‌ని మామూలు వాడకానికి తిరిగి ఇస్తున్నాం. సెవెంటీ త్రీ" అన్నారు, అది హ్యామ్‌ల వీడ్కోలు మాట. 'పిప్', క్యారియర్, 'ఖస్స్'. ఇక మాట్లాడుకోవచ్చు, ఎవరూ మాట్లాడలేదు. రిపీటర్ ఒకసారి తన పేరు తాను మోర్స్‌లో చెప్పుకుంది. పది నిమిషాలకి మళ్ళీ చెప్పుకుంది. మూడోసారికి ముందు మా క్లబ్బులో అందరికన్నా పెద్ద యాంటెన్నా ఉన్నాయన, ఏడేళ్ళుగా ప్రతి నెట్‌లో ఆఖర్న వచ్చి, యాంటెన్నా ఎంత కుదిరిందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ అంకె తగ్గడం లేదని అదే ఫిర్యాదు చెప్పే మనిషి, బటన్ నొక్కి, గొంతు సవరించుకుని అన్నాడు:

"ఎవరైనా వింటున్నారా? గాలికి మా యాంటెన్నా వంగింది గానీ, ఎస్‌డబ్ల్యూఆర్ మాత్రం ఇంకా రెండున్నరే చూపిస్తోందండీ."